బర్రెను అమ్మి ఎక్కిన లారీ

చొప్పదండి జమున లారీ ఎక్కిన ముచ్చట చెప్పాలంటే ముందు ఆమె అత్త చంద్రవ్వ బర్రె ముచ్చట చెప్పాలి. బర్రె పేరు గంగ. పూటకు నాలుగు లీటర్లకు తగ్గకుండా ఇచ్చేది. పొడిచేది కాదు, తన్నేది కాదు. ఆ రెండు గుణాలూ ఇంట్లో అత్తకే వచ్చాయని జమున అనేది. చాటుగా కాదు, చంద్రవ్వ చెవిన పడేటట్టే అనేది. చంద్రవ్వ ఊరుకుంటుందా?

"నేను పొడిస్తేనే గీ ఇల్లు గీడిదాక వచ్చింది. లేకుంటే నీ మొగడు ఇంక కొట్టంలనే పండుకునెటోడు" అనేది.

ఆ మొగడు చంద్రవ్వ కడుపున పుట్టిన ఒక్కగానొక్క కొడుకు, రాజం. మంచివాడు. ఆ మాట ముందే ఎందుకు చెప్పడమంటే తరువాత చెప్పడానికి మరొకటి లేదు. బండి ఏదైనా సరే, ఎక్కితే చాలు అతని కడుపులో తిప్పుతుంది. అలాంటి మనిషిని ఓ ఏజెంటు మాటలు నమ్మి, ఇంటి కారు నడిపే వీసా మీద మస్కట్ పంపారు. "ఆడ రోడ్లు అద్దం లెక్క ఉంటయి, కడుపుల తిప్పనే తిప్పది" అన్నాడట ఆ ఏజెంటు. ఐదు నెలలు తిరక్కుండానే రాజం ఒక దుప్పటి, రెండు అత్తరు సీసాలు పట్టుకుని ఇంటికి వచ్చాడు. అక్కడి సేటు కారు ఏమైందని అడిగితే ఇప్పటికీ మాట మార్చి వర్షాల గురించి మాట్లాడతాడు.

జమున తీరు వేరు. ఊళ్లో మహిళా సంఘానికి ఒక ట్రాక్టరు వచ్చింది. మగవాళ్లను నడపమంటే ఒకడు కూలి ఎక్కువడిగాడు, ఒకడు ముందు తన పొలం దున్నుకుని మిగతావాళ్లది మరిచిపోయాడు. జమున రెండు రోజులు చూసింది, మూడో రోజు తనే ఎక్కి కూర్చుంది. మొదటి వారంలో ఒక కంచె, ఒక పెరటి గోడ, ఊరి బయట ఉన్న హద్దురాయి ఆమె చేతిలో పోయాయి. రెండో వారం నుంచి ఏమీ పోలేదు. నాలుగేండ్లు గడిచేసరికి వడ్ల బస్తాలు నింపిన ట్రాలీని మార్కెట్టు గేటులోంచి వెనక్కి నడిపించేది. ట్రాలీ వెనక్కి నడపడమంటే ఆషామాషీ కాదు. ముందు బండిని ఇటు తిప్పితే వెనక ట్రాలీ అటు పోతుంది, మొండి పిల్లాడిలా. లారీ డ్రైవర్లే ఆ పని రాదని ఒప్పుకుంటారు.

అట్లా నడుస్తుండగా ఒకనాడు అన్నం తింటూ అత్తతో అంది.

"అత్తా, నేను లారీ నడుపుత."

"నడుపు. నేను ఇమానం నడుపుత" అంది చంద్రవ్వ, ముద్ద మింగి.

"తమాష కాదత్తా. ట్రాక్టరు పని ఏడాదికి నాలుగు నెల్లు. లారీ పని పన్నెండు నెల్లు. పెద్ద బండి లైసెన్సుకు ట్రైనింగు ఉంటదట, కరీంనగర్ల. దానికి పైసలు గావాలె."

ఇంట్లో పైసలు అన్న మాట వస్తే అందరి చూపూ ఒక్క చోటికే పోయేది. కొట్టంలో గంగ తాపీగా నెమరు వేస్తూ ఉంది. చంద్రవ్వ కూడా ఆ చూపును పట్టేసింది.

"బర్రె పోతె పాలు పోతయి. లారీ వస్తె ఏమొస్తదే?"

"నెల నెలా జీతమొస్తది. లారీ ఈనేదాక సూసుడు లేదు, వట్టిపోవుడు లేదు."

చంద్రవ్వ మూడు రోజులు అన్నం గిన్నె కూడా కొట్టంలోకే తెచ్చుకుని గంగ పక్కన కూర్చుని తింది. నాలుగో రోజు తెల్లవారగానే గంగ మెడలోని గంట విప్పి కొంగున కట్టుకుంది, పలుపు చేతపట్టుకుంది, తనే అంగడికి తోలుకుపోయింది. "మీరు పోతె ఎవడో ముంచుతడు" అంది. సాయంత్రం ఒంటరిగా వచ్చి పైసలు కోడలి ఒళ్లో పడేసింది. గంట మాత్రం ఇవ్వలేదు.

జమున ట్రైనింగు అయింది. అంతమంది మగవాళ్ల మధ్య ఒక్క ఆడమనిషి. ఎనిమిది అంకె ఆకారంలో బండి తిప్పమంటే తిప్పింది, వెనక్కి పెట్టమంటే పెట్టింది, లైసెన్సు చేతికొచ్చింది. వచ్చాక తెలిసింది, లైసెన్సు వేరు లారీ వేరని. కరీంనగర్‌లో ఒక ఓనరు ఆమెను తలుపు దగ్గరే నిలబెట్టి, "ట్రాక్టరు నడిపిన అనుభవం అనుభవమే కాదమ్మా" అన్నాడు. ఇంకొకాయన లోపలికి పిలిచి కుర్చీ వేసి, చాయ్ ఇప్పించి, అంత మర్యాదా చేసి అడిగాడు.

"నడిమిట్ల టైరు పంక్చరైతె ఎవలు ఇప్పుతరు?"

"మీ డ్రైవర్లకు పంక్చరైతె ఎవలు ఇప్పుతుండ్రు సారూ?"

"క్లీనరు ఇప్పుతడు."

"నాది గూడ క్లీనరే ఇప్పుతడు."

ఆయన చాయ్ అంతటితో చల్లారిపోయింది, ఉద్యోగం కూడా.

మూడు నెలలు ఇట్లా గడిచాయి. పొద్దున గంగ లేని కొట్టం, సాయంత్రం పని లేని కోడలు. చంద్రవ్వ పైకి ఏమీ అనేది కాదు. కానీ పాలు పొయ్యని చాయ్ గ్లాసు జమున ముందు పెట్టి అట్లాగే చూస్తూ నిలబడేది. తిట్టినా బాగుండేదని జమునకు అనిపించేది.

ఒకరోజు సంఘం ట్రాక్టరులో వడ్లు తీసుకుని జమున చొప్పదండి మార్కెట్టుకు పోయింది. గేటు దగ్గర ఒక పాత ఆరు టైర్ల లారీ ఆగి ఉంది. దాని పక్కన తెల్ల గడ్డం పెద్దమనిషి ఒకడు నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. ఆయన పేరు అజీముద్దీన్. కరీంనగర్‌లో రెండు లారీలున్నాయి. ఒక లారీ డ్రైవరు వారం కింద సౌదీ విమానమెక్కాడు. రెండో డ్రైవరు ఒక్కడే రెండు లారీలు నడపలేడు కదా! ఈ బండిని ఎవరినో బతిమాలి ఇక్కడిదాకా తెప్పించుకున్నాడు, వాడు దాన్ని ఇక్కడ వదిలి వెళ్లిపోయాడు. అప్పుడే జమున నిండు ట్రాలీని వెనక్కి కొడుతూ ఆ ఇరుకు గేటులోంచి, అటు ఒక జానెడు ఇటు ఒక జానెడు వదిలి, లోపలికి పెట్టేసింది.

అజీముద్దీన్ దగ్గరికి వచ్చాడు. "ఎవలు నేర్పిండ్రమ్మా గిట్ల ఎనుకకు కొట్టుడు?"

"ఎవల్లేరు సాబ్. గీ గేటే నేర్పింది. మూడు సార్లు గుద్దిన."

ఆయన గడ్డంలో నవ్వుకున్నాడు. జమున ఆ నవ్వు ఆరిపోకముందే కొంగు ముడి విప్పి లైసెన్సు కార్డు తీసి ఆయన చేతిలో పెట్టింది. ఆయన కళ్లద్దాలు పైకి లేపి చూశాడు, కిందికి దించి చూశాడు.

"పెద్ద బండిది. అస్లీదేనా?"

"మా అత్త బర్రెనమ్మి తెచ్చింది సాబ్. నకిలీదైతె నన్ను బతకనిస్తదా?"

అజీముద్దీన్ కాసేపు లారీని చూశాడు, కాసేపు జమునను చూశాడు. తరువాత మాట ఇచ్చాడు, కానీ సగమే ఇచ్చాడు.

"ఒక్క ట్రిప్పు. బియ్యం ఆదిలాబాద్ దిక్కు ఇచ్చోడకు, ఆడికెల్లి పత్తి గింజలు కరీంనగర్‌కు. ఎక్కుడు ఎవలైన ఎక్కుతరు బేటీ. నాకు దిగుడు గావాలె. నిర్మల్ గుట్ట తొవ్వ, గా ఘాటు, నాది ఒక బండిని మింగింది. బ్రేకు మీద కాలు పెట్టి దిగెటోడు నాకొద్దు. బ్రేకు తొక్కంగ తొక్కంగ చక్రాల్లోపలి డ్రమ్ములు నిప్పు లెక్క అయితయి, ఆఖరికి తొక్కినా బండి ఆగది. ఏ గేరుల ఎక్కుతవో గా గేరులనే దిగాలె, ఇంజినే బండిని పట్టుకుంటది. సమజైందా?"

"అయింది సాబ్."

"ఘాటు కింద భూమన్న పంక్చరు దుకాణముంటది. నాతాన ఇరువై ఏండ్లు నడిపిండు. దిగంగనే ఆడ ఆపు. భూమన్న డ్రమ్ముల మీద చెయ్యి పెట్టి చూస్తడు. చెయ్యి ఆగిందా, నౌకరి నీది. చెయ్యి కాలిందా, తాళాలు భూమన్న చేతుల పెట్టి బస్సెక్కి ఇంటికి పో. మల్ల నా తలుపు కొట్టొద్దు."

ఇంత వరకు బాగానే ఉంది. క్లీనరు కావాలి. ఊళ్లో అడిగిన ప్రతివాడికీ ఆ వారమే పని తగిలింది, లేదా నడుం పట్టింది. రాజం వస్తానన్నాడు పాపం, వస్తానని అంటుండగానే మొహం పాలిపోయింది. అప్పుడు చంద్రవ్వ లోపలినుంచి ఒక సద్ది డబ్బా, ఒక ప్లాస్టిక్ బకెట్టు, కొంగున కట్టిన గంగ గంట పట్టుకుని బయటికొచ్చింది.

"నేనే పోత."

"నువ్వా? అత్తా, క్లీనరు పని తెలుసా నీకు?"

"నా గంగనమ్మి గీ బండి ఎక్కుతున్నవు. నా బర్రె ఎట్ల నడుస్తదో నేను సూసుకోవద్దా?"

లారీ ముందు బంపరుకు నిమ్మకాయలు, మిరపకాయలు కట్టడం అందరూ చేసేదే. చంద్రవ్వ వాటి పక్కన గంగ గంట కూడా కట్టింది. బకెట్టెందుకని జమున అడిగితే, "బర్రెను తోలుకపోయెటోడు బకెట్టు లేకుంట పోతడా?" అంది. జమునకు అది అర్థం కాలేదు. అప్పుడే అడిగి తెలుసుకుని ఉంటే ఈ కథలో సగం తగ్గేది.

పోయేటప్పుడు ఏమీ కాలేదు. ఏమీ కాలేదంటే, చాయ్ హోటళ్ల దగ్గర మగవాళ్లు గ్లాసులు నోటి దగ్గరే పెట్టుకుని తాగడం మరిచిపోయారు, అంతే. ఒక టోలు గేటు దగ్గర కుర్రాడు కిటికీలోకి తొంగి చూసి, "డ్రైవరేడక్కా?" అన్నాడు.

"టైర్ల కింద చూడు తమ్మీ, ఉన్నడేమో" అంది జమున, గేరు వేస్తూ.

చంద్రవ్వ కిటికీలోంచి తల బయటపెట్టి గేటు దాటేదాకా ఆ కుర్రాణ్ణి చూస్తూ పోయింది. వాడు నిజంగానే వంగి చూశాడు.

నిర్మల్ దాటాక ఘాటు వచ్చింది. జమున రెండో గేరులో ఎక్కించింది. ఇచ్చోడ చేరేసరికి సాయంత్రమైంది. బియ్యం దింపి, అక్కడి పత్తి మిల్లు ఆవరణలోనే పడుకుని, పొద్దున్నే పత్తి గింజల బస్తాలు ఎక్కించారు. గింజల నుంచి నూనె తీశాక మిగిలే చెక్కే బర్రెలకు దాణా. ఆ మాట తెలిసిన చంద్రవ్వ ఊరుకుంటుందా? ఒక బస్తాలో చెయ్యి పెట్టి నాలుగు గింజలు తీసి కొరికి, మిల్లు గుమాస్తా వైపు ఉమ్మేసింది.

"గీటికి తడి తగిలింది. గీ చెక్క తింటె బర్రె పాలు పలుచనైతయి."

"అవ్వా, నువ్వు క్లీనరువా, ఇనిస్పెక్టరువా?" అన్నాడు గుమాస్తా.

"బర్రెగలదాన్ని" అంది చంద్రవ్వ. అప్పటికి ఆమెకు బర్రె లేదని గుమాస్తాకు ఎట్లా తెలుస్తుంది?

తొమ్మిది గంటలకు బయలుదేరారు. పది దాటేసరికి ఘాటు పైకి వచ్చారు. జమున బండిని పక్కకు ఆపి, కళ్లు మూసుకుని ఎక్కిన గేరును ఒకసారి గుర్తు చేసుకుంది. రెండు. రెండో గేరు వేసి కదిలింది.

దిగడమంటే ఎక్కడం కాదు. బరువు వెనకనుంచి తోస్తూ ఉంటుంది, ఇంజిను గింజుకుంటూ గోల పెడుతుంది, కుడికాలు దానంతటది బ్రేకు వైపు పాకుతుంది. జమున ఆ కాలిని మొండి ట్రాలీని చూసినట్టు చూసి వెనక్కి లాగుకుంది. అప్పుడే ఆమె చెవికి ముందునుంచి గంట చప్పుడు వినపడింది. టంగ్... టంగ్... టంగ్... సాయంత్రం చెరువు నుంచి గంగ ఇంటికి వచ్చేటప్పుడు ఇదే చప్పుడు, ఇదే తీరు. గంట ఉరికితే బండి ఉరుకుతున్నట్టు. గంట నడిస్తే బండి నడుస్తున్నట్టు. మీటరు చూడాల్సిన పనే లేకపోయింది.

వెనక కార్లు హారన్లు కొడుతున్నాయి.

"జర జల్ది పోనీయ్యే, కారోళ్లు తిడుతున్నరు" అంది చంద్రవ్వ.

"తిట్టనీ అత్తా. మన గంగను కొన్నోళ్లా వాళ్లు?"

చివరి మలుపు తిరిగాక నేల చదునైంది. జమున రెక్కలు పట్టుకుపోయాయి, నోరెండిపోయింది, కానీ బ్రేకు మీద కాలు పెట్టింది మొత్తం మూడు సార్లు. భూమన్న పంక్చరు దుకాణం ముందు బండి ఆపింది. దుకాణంలో టైర్లున్నాయి, ట్యూబులున్నాయి, ట్యూబులో గాలి ఎక్కడ పోతుందో ముంచి చూసే పెద్ద నీళ్ల తొట్టి ఉంది. భూమన్న లేడు. ఎదురుగా హోటల్లో చాయ్ తాగుతున్నాడని పక్కవాడు చెప్పాడు.

"ఈడనే ఉండత్తా, పిలుచుకొస్త" అని జమున రోడ్డు దాటింది.

చంద్రవ్వ కిందికి దిగింది. ఇంజిను ఆపినా లోపలినుంచి ఏదో టిక్కు టిక్కుమంటోంది. చక్రాల దగ్గర వెచ్చటి గాలి, ఇనుము వాసన. ఇంత బరువు మోసుకుని అంత గుట్ట దిగింది, నోరులేని జీవి! గంగను ఎండన పడి తోలుకొస్తే ముందు కాళ్లకు నీళ్లు, తరువాత వీపుకు నీళ్లు. నలభై ఏండ్లుగా చంద్రవ్వ చేతులకు అదే తెలుసు. బకెట్టు తీసింది. తొట్టి నిండా నీళ్లు కనపడ్డాయి. ఒక చక్రానికి మూడు బకెట్లు, ఇంకో చక్రానికి మూడు. నీళ్లు పడగానే చుయ్యిమంది, కొద్దిగా ఆవిరి లేచింది. "ఎంత దూపైందో తల్లీ" అనుకుంది. నాలుగు మూలలా కడిగి, మిగిలింది బంపరు మీద కొట్టింది. తొట్టి అడుగు కనపడింది.

జమున, భూమన్న రోడ్డు దాటి వచ్చేసరికి చక్రాల నుంచి నీళ్లు కారుతున్నాయి.

భూమన్న అరవై దాటిన మనిషి, పొట్టిగా, గట్టిగా, టైరులాగే ఉన్నాడు. ముందు తన తొట్టిని చూశాడు. తరువాత చక్రాలను చూశాడు. తరువాత జమునను చూశాడు. ఆ చూపులో కోపం కంటే ఇంకేదో ఎక్కువ ఉంది, పాత దొంగ కొత్త దొంగను పట్టుకున్న సంతోషం.

"అచ్ఛా చెల్లే! నన్ను పిలుసుకొచ్చెటందుకు నువ్వు పోయినవు, నీళ్లు పొయ్యెటందుకు అవ్వను పెట్టినవు. గీ తొండి నేను ఇరువై ఏండ్ల కిందనే ఆడిన. కాలిన డ్రమ్ముల మీద నీళ్లు పోస్తె చెయ్యి పెట్టిన సేటుకు సల్లగ తగులుతది. సాబ్‌కు గీ ముచ్చట చెప్పిందే నేను!"

"కాలలే కాకా! నేను రెండో గేరులనే దిగిన, బ్రేకు మూడే సార్లు..."

"గది నాకెట్ల ఎర్క? డ్రమ్ము తడిసింది. తడిసిన డ్రమ్ము ఏం చెప్పది."

జమున తిరిగి అత్తను చూసింది. చంద్రవ్వ బకెట్టును వీపు వెనక దాచుకుని నిలబడింది. ఏదో తప్పయిందని ఆమెకు అర్థమైంది కానీ ఏ తప్పో అర్థం కాలేదు. ముప్ఫై ఐదేండ్ల జమున బతుకులో, పదహారేండ్ల కాపురంలో, అత్త తప్పు చేసిన పిల్లలా ఏదైనా దాచుకోవడం అదే మొదటిసారి చూడడం. తిట్టాలని నోటిదాకా వచ్చిన మాట అక్కడే ఆగిపోయింది.

భూమన్న అప్పటికే ఫోను స్పీకరులో పెట్టాడు. "సాబ్, బండి దిగింది. డ్రమ్ములకు నీళ్లు పోసిండ్రు."

అజీముద్దీన్ అక్కడికక్కడే తేల్చేశాడు. "తాళాలు తీసుకో భూమన్నా. నేను ఇంకొకణ్ణి బస్సుల పంపుత."

జమున చేతిలో తాళాలున్నాయి. చెయ్యి చాపిన భూమన్న అరచేయి ఆమె ముందు ఉంది. మూడు నెలల పాలు లేని చాయ్ గ్లాసులన్నీ ఆమె కళ్ల ముందు వరసగా నిలబడ్డాయి. ఇంతలో చంద్రవ్వ బకెట్టుతో సహా వచ్చి ఫోను మీదికి వంగింది.

"ఓ సాయబూ! నీళ్లు పోసింది నేను. నా కోడలికి ఎర్కలే. బర్రె గుట్ట దిగితె నీళ్లు పొయ్యరా? గీ బండికి పోస్తె ఏం పుట్టి మునిగింది?"

"బర్రెనా?" అంది ఫోను.

"సాబ్, ముసలామె బండిని బర్రె అంటుంది" అన్నాడు భూమన్న. "నా తొట్టి మొత్తం ఊడ్సింది. బంపరుకు గూడ తానం చేయించింది."

ఫోనులో ఏదో దగ్గులాంటిది వినిపించింది. నవ్వో దగ్గో తెలియలేదు. జమున ఆ సందులోనే మాట దూర్చింది.

"సాబ్, నేను మల్ల ఎక్కుత, మల్ల దిగుత. కాకను పక్కన కూసోబెట్టుకొని దిగుత. డీజిలు నా కూలిలకెల్లి పట్టుకో."

"లోడు మీదనా?"

"లోడు మీదనే."

"భయం లేదా?"

"ఉన్నది సాబ్. పొద్దుగాల గూడ ఉండె. దానితోనే దిగిన."

అవతల ఆ దగ్గు మళ్లీ వినిపించింది. తరువాత, "భూమన్నా, పోతవా?"

భూమన్నకు పోవాలనే ఉంది. లారీ దిగి తొమ్మిదేండ్లైంది, ఆ ఘాటు మీద మనసు ఇంకా దిగలేదు. కానీ ఊరికే ఒప్పుకుంటే మర్యాదేముంది? "తొట్టి నిండితెగాని దుకాణం ఇడిసి రాను" అన్నాడు.

చంద్రవ్వ బకెట్టు పట్టుకుని బోరింగు దగ్గరికి పోయింది. డ్రమ్ములు ఆరేలోగా పదహారు బకెట్ల నీళ్లు కొట్టి తొట్టి నింపింది. పదిహేడో బకెట్టు కూడా తెచ్చింది. భూమన్న చేతులు అడ్డం పెట్టాడు. "బస్ అవ్వా, బస్! ఇగ పొర్లుతది."

మళ్లీ ఎక్కారు. కేబినులో ముగ్గురు. నడుమ చంద్రవ్వ, కిటికీ పక్కన భూమన్న. భూమన్న నోరు ఊరుకోలేదు.

"గింత మెల్లగనా చెల్లే? గీ తీరున పోతె ఎనుకున్న గింజలు మొలకెత్తుతయి."

"మొలకెత్తితె మేమే కోసుకుంటం. నువ్వు సప్పుడు చేయకు" అంది చంద్రవ్వ.

"మూడో గేరు ఎయ్యి, ఏంగాదు. నేను చెప్తున్న కద."

జమున మూడో గేరు వెయ్యలేదు. అది పరీక్షో, అతని పాత అలవాటో ఆమెకు తెలియదు. రెండూ అయి ఉండొచ్చు.

పైన వెడల్పు ఉన్నచోట బండి తిప్పుకుని దిగడం మొదలుపెట్టారు. గంట నడక అందుకుంది. టంగ్... టంగ్... భూమన్న కాసేపు చెవి పెట్టి విన్నాడు.

"ఏందది?"

"మా గంగ" అంది జమున.

"గంగెవలు?"

"గీ బండి అక్క" అంది చంద్రవ్వ. భూమన్న కిటికీ వైపు తిరిగాడు. ఈ ఇంటి లెక్కలు తనకు అందవని అర్థమైంది.

సగం దిగారు. మలుపు తిరగగానే ఎదురుగా రోడ్డు నిండా బర్రెలు. ముప్ఫై దాకా ఉంటాయి, తోలేవాడు ఎక్కడో వెనక గుట్ట మీద ఉన్నాడు. జమున కాలు బ్రేకు మీద పడింది. ఒక్కసారి గట్టిగా తొక్కింది, వదిలింది. మళ్లీ తొక్కింది, వదిలింది. నొక్కిపెట్టి ఉంచలేదు. బండి తాబేలులా తగ్గి, ఇంకా పాకుతూనే ఉంది. భూమన్న చెయ్యి చాచి హారను మీద వేసి ఊదించాడు. బర్రెలు తలలు తిప్పి చూశాయి, మళ్లీ నెమరు వెయ్యసాగాయి.

అప్పుడు చంద్రవ్వ భూమన్న ఒళ్లో నుంచి సగం దాకా కిటికీ బయటికి వంగి, నాలుక అంగిలికి కొట్టి ఒక చప్పుడు చేసింది. తరువాత, "హ్హె... హ్హె... జరుగున్రే తల్లీ, మీ అక్కొస్తుంది" అని ఒక్క కేక పెట్టింది. ముందున్న ముసలి బర్రె ఆ మాట విని కొంచెం ఆలోచించి పక్కకు జరిగింది. దాని వెనకే మిగతావి జరిగాయి. వాటి నడుమ నుంచి లారీ గంట మోగించుకుంటూ దిగిపోయింది.

"ఇరువై ఏండ్లు ఇదే ఘాటుల బర్రెలకు హారను కొట్టిన" అన్నాడు భూమన్న, చంద్రవ్వను తన ఒళ్లోంచి లోపలికి లాగుతూ. "ఒక్కటి జరగలే."

"బర్రెతోని బర్రె లెక్క మాట్లాడాలె తమ్మీ" అంది చంద్రవ్వ, కొంగు సర్దుకుని.

దుకాణం ముందు బండి ఆగింది. జమున హ్యాండు బ్రేకు వేసి, దిగేముందు అత్త వైపు తిరిగింది.

"నువ్వు దిగకత్తా."

"దిగను."

"బకెట్టు ఇటియ్యి."

చంద్రవ్వ బకెట్టు ఇచ్చింది. ఇచ్చేటప్పుడు మొహం తిప్పుకుంది.

భూమన్న ముందు ఎడమ చక్రం సందులోంచి చెయ్యి పోనిచ్చి డ్రమ్ము మీద అరచేయి ఆనించాడు. తీసేశాడు. అతడు చెయ్యి లుంగీకి తుడుచుకుని, మళ్లీ పెట్టి, ఈసారి ఉంచాడు. తరువాత కుడి చక్రం. తరువాత వెనకవి. ఒక్కోచోట ఎంతసేపు ఉంచాడో జమునకు తెలియదు. ఆమె లెక్కబెట్టలేదు, అతని మొహాన్నే చూస్తోంది. ఆ మొహం టైరులాగే ఉంది, దాని మీద ఏమీ రాసి లేదు. చివరికి వెనక కుడి చక్రం దగ్గర కూలబడి, కుడిచెయ్యి డ్రమ్ము మీదే ఉంచి, ఎడమ చేత్తో ఫోను కలిపాడు. ఎదురు హోటలు వైపు చూసి ఒక చాయ్ అని కేకేశాడు.

"సాబ్. దిగినం."

"చెయ్యి?" అంది ఫోను.

"చెయ్యి దాని మీదనే ఉన్నది సాబ్. ఇగో, చాయ్ వస్తున్నది. తాగి తీస్త."

అవతల అజీముద్దీన్ గట్టిగానే నవ్వాడు. "చాయ్ నక్కో, వద్దు, ముందుగాల బండి పంపు. కరీంనగర్ల నూనె మిల్లు మూస్తరు. తాళాలు బేటీ తాననే ఉండనీ, ఇగ ఆమెవే అవి." కొంచెం ఆగి అన్నాడు. "భూమన్నా, గా బకెట్టు మాత్రం నీ దుకాణంల పెట్టుకో. మల్ల నా బండెక్కితె నేను ఒప్ప."

జమున చక్రం పక్కన రోడ్డు మీదే కూర్చుండిపోయింది. నవ్వు వస్తోంది, దాంతోపాటు ఇంకేదో కూడా వస్తోంది. కేబినులో నుంచి చంద్రవ్వ తల బయటికి వచ్చింది.

"ఏమాయె? ఇప్పుడన్న దిగొచ్చునా?"

"దిగత్తా, దిగు. నౌకరొచ్చింది."

చంద్రవ్వ దిగింది. కోడలి దగ్గరికి పోలేదు. నేరుగా ముందుకు పోయి, లారీ ముక్కు మీద అరచేత్తో రెండు సార్లు తట్టింది, పాలు బాగా ఇచ్చిన పొద్దున గంగను తట్టినట్టు. తరువాత కోడలి వైపు చూడకుండానే అంది.

"లే, రోడ్డు మీద కూసోకు. నడుం పడితె ఎవలు నడుపుతరు? రేపటి సంది చాయ్‌ల పాలు పోస్త, కొనుక్కొచ్చి."

అది జరిగి రెండేండ్లు కావస్తోంది. జమున ఇప్పుడు వారానికి రెండు సార్లు ఆ ఘాటు దిగుతుంది. ఇచ్చోడ, ఆదిలాబాద్, ఒక్కోసారి ఖానాపూర్ నుంచి మక్కజొన్నలు. మొన్నటి ఎండాకాలం ఇంటికి మళ్లీ ఒక బర్రె వచ్చింది. రాజం దాన్ని నడిపించుకుంటూ తీసుకొచ్చాడు, ఎనిమిది మైళ్లు. బండిలో తెమ్మంటే ఒప్పుకోలేదు. ఇప్పుడు పాలు పితికేదీ, అమ్మేదీ అతనే. చంద్రవ్వకు తీరికెక్కడిది? ఎండాకాలం, వానాకాలం ఇంట్లో ఉంటుంది కానీ పత్తి గింజల కాలం వచ్చిందంటే కేబినులో తన చోటు ఎవరికీ ఇవ్వదు. ఇచ్చోడ మిల్లు గుమాస్తా ఆమెను చూడగానే తడి బస్తాలు పక్కకు పెట్టేస్తాడు.

బకెట్టు భూమన్న దుకాణంలో మేకుకు వేలాడుతోంది. వచ్చినప్పుడల్లా చంద్రవ్వ దాన్ని అడుగుతుంది, అతడు ఇవ్వనంటాడు. ఘాటు చివరి మలుపు నుంచి గంట చప్పుడు వినపడితే చాలు, భూమన్న చేతిలో పని పక్కన పడేసి, లేచి పోయి, తొట్టి మీద రేకు మూత వేసి దాని మీద తనే కూర్చుంటాడు.